మూడో రాతికట్ట

వాన వెలిసిన ఉదయం. రాతి క్వారీలో పాత మట్టిగుట్ట వాలు. పొక్లెయిన్ నడిపే ఆయన, మొక్కలు పెంచే ఆవిడ. ఆవిడ కూతుర్ని ఆయన కొడుక్కిచ్చారు.

“అదే నేనూ అంటున్నాను చెల్లెమ్మా. వానకు కట్ట తెగిందంటే ఒప్పుకుంటాను. కానీ తెగిన రాళ్ళు పల్లానికి దొర్లాలి కదా. ఇవేమిటి, పక్కకు జరిగి వరసగా కూర్చున్నాయి?”

“నాకేం తెలుసు అన్నయ్యగారూ. రాళ్ళు మీ శాఖ. నాది గడ్డి.”

“పెద్దవి అడుగున, చిన్నవి పైన. మర్యాద తెలిసిన వాన.”

“సాయంత్రం మళ్ళీ వస్తుందట. వచ్చినప్పుడు దాన్నే అడగండి.”

“అడుగుతాను. పోయిన నెలా ఇదే తంతు. ఈ వాలు మీద ఏడు కట్టలున్నాయి. పైన రెండింటి జోలికి పోదు, కింద నాలుగింటి జోలికి పోదు. ఈ మూడోదంటేనే దానికి ఎక్కడలేని ప్రేమ.”

“మీరు కట్టిన తీరు అలా ఉండి ఉంటుంది.”

“నా పనితనాన్నే అంటున్నారా?”

“అనలేదు. ఉండి ఉంటుంది అన్నాను.”

“సరే. గండి చూశారుగా, మోచేతి లోతు. మీ గరిక రెండు బారల మేర లేచిపోయి కింద గుంటలో తేలుతోంది.”

“చూశాను. అది చెప్పకండి.”

“చెప్పకపోతే తేలడం మానుతుందా?”

“ఒక్కో పిలక ఈ చేత్తో గుచ్చాను. అంత పోతుందనుకోలేదు.”

“ఎంత పోతుందనుకున్నారు?”

“అనుకోవడమేమిటి? వాన సంగతి నాకెలా తెలుస్తుంది? మాట కోసం అన్నాను.”

“నేనూ మాట కోసమే అడిగాను.”

“గుంటలో నీళ్ళు చూశారా? టీ రంగులో ఉన్నాయి.”

“పాలెక్కువైన టీ.”

“పదకొండింటికి వాలు పరీక్షకు గొట్టమాయన వస్తాడు. ఆ గాజుగొట్టంలో ఈ నీళ్ళు పోసి, ఒంటికన్ను మూసి పైనుంచి తొంగి చూస్తాడు. అడుగున నల్లగీత కనబడాలి ఆయనకు.”

“పోయిన నెల గీత సంగతి దేవుడెరుగు, గొట్టానికి అడుగుందో లేదో కూడా తెలియలేదు.”

“పెదవి విరిచి ఏదో రాసుకున్నాడు. ‘మట్టి పోతోందమ్మా’ అన్నాడు నాతో, నేనేదో చీరకొంగున కట్టుకుపోతున్నట్టు.”

“ఆయనకు మిమ్మల్ని చూస్తే భయం. నన్నయితే ఇంకా గట్టిగా అనేవాడు.”

“ఇవాళా తప్పేట్టే ఉంది. నాలుగు గంటల్లో ఆ నీళ్ళు తేరుకుంటాయా ఏమన్నానా. ఈసారి కూడా వాలు పరీక్ష తప్పితే ఇంకో ఆర్నెల్లు మీ బండి ఇక్కడే.”

“ప్యాసయితే?”

“ప్యాసయితే ఏముంది. మేనేజరుగారు నెలరోజులుగా పాడుతున్న పాటేగా. పొక్లెయిన్ రెండు రోజుల దూరంలో ఉన్న కొత్త క్వారీకి, మొక్కలావిడ ఇంకో రెండు వానాకాలాలు ఇక్కడే కాపలా.”

“పాట బాగా కంఠతా వచ్చింది.”

“రోజూ వింటే కాకికైనా వస్తుంది. ఉండండి, ఆఫీసులోకి వెళ్ళి గొట్టమాయన బయల్దేరాడో లేదో కనుక్కొస్తాను.”

“వద్దు వద్దు. బురదకాళ్ళతో వెళితే ఆ గుమాస్తా మళ్ళీ దీర్ఘాలు తీస్తాడు. ముందు గునపం అందుకోండి.”

“ఎవరు? నేనా?”

“నా నడుం పట్టేసింది.”

“నిన్నటిదాకా బాగానే ఉందిగా?”

“నడుం చెప్పి పట్టేస్తుందా? ముప్ఫయ్యేళ్ళు ఆ సీటులో గిలక్కొట్టినట్టు ఊగింది పాపం. ఇవాళ సెలవు పెట్టింది.”

“మీరెక్కడికి?”

“ఈ తట్ట బోర్లించుకుని కూర్చుంటాను. నేను చెబుతుంటాను, మీరు చేస్తుండండి.”

“బాగుంది. మగపెళ్ళివారి పెత్తనం ఇంకా పోలేదు.”

“పెళ్ళిలో చేసే అవకాశం ఇచ్చారా మీరు? మా తరఫున పెత్తనం చేద్దామని వచ్చిన మా అక్కకు ఇంత పెద్ద గరిటె చేతికిచ్చి వడ్డనకు పంపారు.”

“ఆవిడే అడిగారు.”

“ఆవిడ కుర్చీ అడిగింది.”

“ఎటూ తప్పేదానికి ఇప్పుడీ కష్టం ఎందుకు? రేపు నింపాదిగా కట్టుకోవచ్చుగా?”

“సాయంత్రం వాన వస్తుందని మీరేగా అన్నారు. ఈ గండి ఇలాగే ఉంటే కింద నాలుగు కట్టలూ పోతాయి. మీ తుమ్మమొక్కలు కూడా గుంటలోనే ఈత కొడతాయి. గొట్టమాయన కోసం కాదు, మీ మొక్కల కోసం.”

“మొక్కల పేరెత్తితే నేను లేస్తానని తెలుసు మీకు.”

“లేచారుగా. గండిలో వదులు మట్టి ఎత్తిపోయండి. గట్టి నేల తగిలేదాకా.”

“తగిలింది.”

“తగల్లేదు. గునపం చప్పుడు మారాలి. మెత్తగా దిగుతుంటే అది నిన్నమొన్నటి మట్టే. ఆఁ, అదీ. ఆ చప్పుడు గుర్తుపెట్టుకోండి.”

“నేనెందుకు గుర్తుపెట్టుకోవడం? మీరున్నారుగా చెవులప్పగించి.”

“ముసలిచెవులు. ఎన్నాళ్ళుంటాయో. ఇప్పుడు రెండు ఒడ్డుల్లోకీ జానెడు తవ్వండి. కట్ట చివరలు ఒడ్డులోకి దూరాలి.”

“ఎందుకు? గండి వెడల్పు ఇంతేగా?”

“నీళ్ళకు ఎదురుగా దారి లేకపోతే పక్కనుంచి పోతాయి. మా కోడలిలాగా. ఎదురుచెప్పదు, పక్కనుంచి తన పని తను చేసుకుపోతుంది.”

“మా అమ్మాయిని అంటే ఊరుకోను.”

“పొగిడాను చెల్లెమ్మా. మావాడయితే కట్ట వెనకాల చెరువై నిలబడిపోతాడు. అటూ పోడు, ఇటూ పోడు.”

“ఒక్కమాట పైకి అనడు. నాలుగు రోజులు ఇంట్లో ఇద్దరే ఉంటే మూడు రోజులు అది గోడతో మాట్లాడుకునేదట.”

“నాలుగో రోజు?”

“నాలుగో రోజు గోడ జవాబిచ్చిందేమో అనిపించి నాకు ఫోన్ చేసేది.”

“ఇసక, బంకమన్ను కలిపితే మంచి మట్టి అవుతుందని మీరేగా చెప్పారు. ఒకడు మాట్లాడడు, ఒకత్తె ఆపదు, కలిస్తే సరిపోతుందన్నారు.”

“నేనన్నానా? నా నర్సరీకి నీళ్ళ డ్రమ్ములు మోసుకొచ్చి, ‘మాకో కుర్రాడున్నాడు చెల్లెమ్మా, బుద్ధిమంతుడు, గట్టిగా తుమ్మడు కూడా’ అన్నదెవరు?”

“తుమ్మడు అన్నాను. మాట్లాడతాడని అనలేదు.”

“ఇద్దరూ మంచివాళ్ళే.”

“మంచివాళ్ళే. ఒకే ఇంట్లో కాదు, అంతే.”

“జానెడు అయిందా చూడండి.”

“మీ జానా, నా జానా?”

“నాదే. చెయ్యి నాదేగా.”

“అయితే ఇంకో రెండు వేళ్ళు తవ్వండి. ఆఁ. చాలు. నిన్న కోర్టులో పిల్లల విడాకుల సంగతి ఏమైంది?”

“ఏమవుతుంది?”

“అదే అడుగుతున్నాను.”

“వాయిదా వేశారు.”

“అలాగా.”

“జడ్జిగారికి ఒంట్లో బాగోలేదట. పడిశం.”

“పాపం. ఈ ముసురుకి ఎవరికైనా పడుతుంది.”

“వచ్చే నెల రమ్మన్నారు. ఆ తర్వాత నెల కూడా కావచ్చు. కోర్టులంటే అంతేగా, తొందరేముంది వాళ్ళకు.”

“ఏముంది. ఇప్పుడు పెద్దరాయి తీసుకోండి. అది కాదు, ఆ పక్కది. పలకగా ఉన్నది.”

“ఇదా? ఇది బరువు.”

“బరువుగా ఉంటేనే అడుగున ఉంటుంది. వెడల్పు ముఖం కిందికి. కాస్త ఎగువకు వాలినట్టు పెట్టండి, నీళ్ళు వచ్చి దాని మీద ఒరగాలి. నిటారుగా పెడితే తోసేస్తాయి.”

“ఇలాగా?”

“ఊపండి.”

“ఊగుతోంది.”

“ఊగితే తియ్యండి. కింద మట్టి సర్దండి. ఊగే రాయి మీద ఇంకో రాయి పెడితే రెండూ ఊగుతాయి.”

“మీకు వేళాకోళంగా ఉంది. నా వేళ్ళు చూడండి, ఎలా కందిపోయాయో.”

“మొక్కలు పీకీ పీకీ మెత్తబడ్డాయి. ఇప్పుడు?”

“ఊగట్లేదు.”

“ఎక్కండి దాని మీద.”

“ఎందుకు?”

“రాయి మాట నమ్మకూడదు. ఎక్కి చూడాలి. నా చెయ్యి పట్టుకోండి. ఆఁ. ఎలా ఉంది?”

“గట్టిగానే ఉంది.”

“దిగండి. రెండోది. రెండు రాళ్ళ సందు మీదికి మూడోది రావాలి. సందు మీద సందు రాకూడదు. ఇటుకలు పేర్చడం చూశారుగా?”

“చూశాను. మీ చేత ఇలా మాటలు పడుతూ ఎప్పుడూ పేర్చలేదు.”

“పేర్చలేదా? అక్కడ పక్కన ఇంత అందంగా పేర్చి ఉంటేనూ.”

“అది వాన.”

“అవునవును. వాన. మర్చిపోయాను.”

“మాత్ర వేసుకున్నారా పొద్దున?”

“వేసుకున్నాను.”

“ఏ రంగుది?”

“తెల్లది.”

“తెల్లది రాత్రికి. పొద్దున పసుపుది. ఎన్నిసార్లు చెప్పాలి? డబ్బా మీద సూర్యుడి బొమ్మ గీసి మరీ ఇచ్చాను.”

“ఆ బొమ్మ సూర్యుడనుకోలేదు. ముళ్ళపంది అనుకున్నాను.”

“ఇంట్లో మనిషి లేకపోతే ఇంతే. కొత్తచోటికి వెళితే ఎవరు చెబుతారు మీకు?”

“ముళ్ళపంది చెబుతుంది. నడుమ రాళ్ళు అంత ఎత్తు పెట్టకండి.”

“అన్నీ సమానంగా ఉంటే చూడ్డానికి బాగుంటుందని.”

“చూడ్డానికి బాగుండాలంటే ముగ్గు వెయ్యండి. కట్ట నడుమ పల్లంగా ఉండాలి, రెండు వైపులా ఎత్తు. నీళ్ళు ఎటూ పొర్లి పోవాల్సిందే. నడుమనుంచి పోతే సరే, పక్కనుంచి పోతే ఒడ్డు కోస్తాయి. ఆపడానికి కాదు ఈ కట్ట. నెమ్మదిగా పంపడానికి.”

“ఆపదా?”

“ఎవరు ఆపగలరు? అంత గుట్ట మీద కురిసిన నీళ్ళు. కాస్త కూర్చోబెట్టి, చేతిలో ఉన్న మట్టి కింద పెట్టించి, ఇక వెళ్ళిరా అంటుంది అంతే.”

“నాకు ఇలాంటి కబుర్లు చెప్పకండి పొద్దున్నే.”

“కబుర్లు కాదు. నడుమ ఒక వరస తియ్యమంటున్నాను.”

“తీశాను. చూడండి.”

“బాగుంది. ఇప్పుడు దిగువన, నీళ్ళు దూకే చోట, పలక రాళ్ళు పరవండి. లేకపోతే దూకిన చోట గొయ్యి పడి, కట్ట అడుగునుంచి జారిపోతుంది.”

“ఇన్ని సంగతులున్నాయా దీంట్లో? మీరు కడుతుంటే పావుగంట పని అనుకునేదాన్ని.”

“మీరు గడ్డి నాటుతుంటే నేనూ అలాగే అనుకునేవాణ్ణి. మొదటి ఏడాది నవ్వాను కూడా.”

“నవ్వారు. ‘చెల్లెమ్మా, బట్టతలకు నూనె రాస్తున్నారా’ అన్నారు. మర్చిపోలేదు.”

“తొలి వానకే విత్తనమంతా గుంటలో మొలిచింది కదా మరి.”

“పైమట్టి పరిచాక ఒక్కరోజు ఆగమన్నాను. మీరు ఆ బండి తోలుకుని దాని మీదే ఊరేగారు. రోడ్డులా బిగిసింది. అందులో గడ్డేం మొలుస్తుంది, రోడ్డు రోలర్లు మొలుస్తాయి.”

“ఒప్పుకున్నానుగా. ఆ రాత్రే పళ్ళున్న బకెట్ బిగించి మొత్తం గీరి ఇచ్చాను.”

“ఇచ్చారు. ఆ గీతలు అడ్డంగా గియ్యమంటే అడ్డంగానే గీశారు. అప్పుడే అనుకున్నాను, మాట వినే మనిషే అని. ఆ తర్వాతేగా మా అమ్మాయి, మీ అబ్బాయి అని మొదలుపెట్టాం.”

“అయితే తప్పు పళ్ళ బకెట్‌ది.”

“ఎవరిదీ తప్పు కాదు. సందుల్లో చిన్నరాళ్ళు పెట్టనా?”

“నేను చెప్పకముందే అడిగారు. చేయి తిరిగింది మీకు.”

“ఎగతాళా?”

“కాదు. నిజం. బిందెతో నీళ్ళు తెచ్చి పైనుంచి పొయ్యండి. చూద్దాం.”

“పోస్తున్నాను. నడుమనుంచే పోతున్నాయి.”

“ఇంకో బిందె. గబుక్కున, వానలాగా.”

“నడుమనుంచే. అడుగునుంచి ఒక్క చుక్క రాలేదు. చూడండి అన్నయ్యగారూ, పలక మీద పడి ఎంత మర్యాదగా పోతున్నాయో.”

“అంటే మీరు కట్టింది నిలిచింది.”

“నిలిచింది.”

“మెచ్చుకోలుగా ఈ తట్ట మీద సగం చోటిస్తాను. కూర్చోండి.”

“మీ తట్ట మీద సగం అంటే కిందపడ్డట్టే. ఈ రాయి చాలు. టైమెంతయింది?”

“పన్నెండు కావస్తోంది.”

“పదకొండన్నాడే. ఎప్పుడూ ఆలస్యం చెయ్యడు. పోయిన నెల పావుగంట ముందే వచ్చి గేటు దగ్గర గొట్టం తుడుచుకుంటూ నిలబడ్డాడు.”

“చాలా శుభ్రమైన మనిషి.”

“దారిలో ఏమన్నా అయిందేమో. వంతెన దగ్గర నీళ్ళు పొంగాయేమో. ఫోన్ చేద్దామా?”

“మీకు ఎవరు పావుగంట ఆలస్యమైనా వంతెన కూలిపోతుంది. మంచినీళ్ళు తాగండి.”

“అన్నయ్యగారూ, ఒక మాట చెబుతాను. నవ్వకూడదు.”

“అలవాటయిన పని మానమంటే ఎలా?”

“కోర్టు వాయిదా పడలేదు.”

“ఊఁ.”

“నిన్నే అయిపోయింది. పదినిమిషాలు కూడా పట్టలేదు. జడ్జిగారికి పడిశం లేదు, నేనే పట్టించాను.”

“తెలుసు.”

“తెలుసా?”

“నిన్న మధ్యాహ్నమే మావాడు ఫోన్ చేశాడు. అయిపోయింది నాన్నా అన్నాడు. తిన్నావా అని అడిగాను. తిన్నానన్నాడు. వాడి జీవితంలో రెండు మాటలు వరసగా మాట్లాడింది అదే.”

“మరి పొద్దున నేను చెబుతుంటే పాపం, ముసురు అన్నారు?”

“అంత కష్టపడి పడిశం తెచ్చారు. కాదనడం మర్యాద కాదు కదా.”

“ఎవరి సామాను ఎవరిదో జాబితా చదివారు. మంచం మీది, బీరువా మాది, కుట్టుమిషను మాది, టీవీ మీది. పిల్లలిద్దరూ అవునండీ, అవునండీ అన్నారు. నేను వెనక బల్ల మీద కూర్చుని చివరిదాకా విన్నాను. మన గురించి ఏమన్నా చదువుతారేమోనని.”

“మన గురించా?”

“మీరెవరికి, నేనెవరికి అని. ఏ జాబితాలోనూ లేం. బయటికొచ్చాక మీవాడు నాకు గొడుగిచ్చి, ‘జాగ్రత్త అత్తయ్యా’ అన్నాడు. అన్నాక, అనొచ్చో లేదో అన్నట్టు చూశాడు. నాకు బస్సంతా అదే. మిమ్మల్ని ఏమని పిలవాలా అని.”

“అన్నయ్య అని పిలవడానికి మావాడు హామీ సంతకం పెట్టాలా?”

“వరస పోయాక?”

“ఏ వరస పోయిందో చెబుతాను, వినండి. వియ్యంకుడి వరస పోయింది. దాని మూలంగా ఇన్నేళ్ళు మీరు, రండి, కూర్చోండి అని నాలుక అరగదీసుకున్నాను. ఇక ఆ బెడద లేదు. చెల్లెల్ని మీరు అనే అన్న ఎక్కడైనా ఉన్నాడా? నువ్వు అంటాను.”

“అనండి.”

“నువ్వు ఆ బాటిల్ ఇలా ఇవ్వు. మొత్తం నువ్వే తాగావు.”

“ఇదిగో. ఇంకోటుంది.”

“బాటిలా?”

“మాట. రాళ్ళు నేనే తీశాను.”

“ఓహో.”

“నిన్న బస్సు దిగి ఇంటికి పోలేదు. తిన్నగా ఇక్కడికే వచ్చాను. పోయిన నెలా నేనే. అప్పుడు నాలుగే తీశాను. నిన్న కట్టంతా తీశాను. నీళ్ళు కాస్త మసకబడితే చాలనుకున్నాను. గడ్డి అంత పోతుందనుకోలేదు. నవ్వుతున్నారా?”

“నవ్వట్లేదు. దొంగతనం చేసి, దొంగసొత్తును సైజుల వారీగా సర్దిపెట్టేదాన్ని నిన్నే చూశాను.”

“అడ్డదిడ్డంగా పడేస్తే ఎవరికైనా కాలికి తగులుతాయని.”

“అన్ని రాళ్ళు ఎలా ఎత్తావు?”

“ఏడుస్తూ ఎత్తితే బరువు తెలియదు.”

“మరి పొద్దుట్నుంచీ బరువు బరువని నన్ను సాధించిందెవరు?”

“పొద్దున ఏడవట్లేదు కదా.”

“అదీ నిజమే.”

“మా అమ్మ వెళ్ళినప్పుడు నేను నీళ్ళకు పోయాను. మా ఆయన ఆఖరిసారి పనికి బయల్దేరిన రోజు లోపల సంచుల్లో మట్టి నింపుతున్నాను. వెళ్ళొస్తానన్నారు, ఊఁ అన్నాను. గుమ్మంలోకి రాలేదు. నాకు సాగనంపడం చేతకాదన్నయ్యా. ఎవరు వెళుతున్నా నా కాళ్ళు అక్కడ ఉండవు. నిన్న పొద్దున ఒక బంధం పోయింది. ఇవాళ వాలు ప్యాసయితే మీరూ పోతారు. ఒకటి పోయాక కాస్త ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉండాలి కదా అనిపించింది. ఆర్నెల్లు. అంతకంటే ఏం అడగలేదు.”

“నాకు చెప్పొచ్చుగా.”

“చెబితే ఏం చేసేవారు?”

“ఏమో. రాళ్ళు ఎత్తడానికి సాయమొచ్చేవాణ్ణి.”

“మీ పనికి మచ్చ తెచ్చాను. ఆ మాట రాత్రంతా కుమ్మరిపురుగులా తొలిచింది. పోయిన నెల మేనేజరుగారు మీ ముందే అన్నారుగా, ముసలాయనకు కట్ట కట్టడం కూడా రావట్లేదు అని. మీరు తలొంచుకుని విన్నారు. నేను పక్కనే నిలబడి మొక్కలకు నీళ్ళు పోశాను. పోసినవాటికే మళ్ళీ పోశాను.”

“చూశాను. రెండు కుళ్ళిపోయాయి.”

“అందుకే గొట్టమాయన రాగానే నేనే చెబుతాను. కట్ట గట్టిదే, తీసింది నేను, నా పేరు రాసుకోండి అని. నీళ్ళు ఇవాళ మురికిగా ఉంటే ఎల్లుండి వచ్చి చూసుకోమంటాను. మీ కట్టలు తప్పు కాదు, మీ కాలువలు తప్పు కాదు.”

“అలా చెబితే నిన్ను పనిలోంచి తీసేస్తారు.”

“తీసేస్తే తీసేశారు. మీరు తలెత్తుకుని పోవాలి.”

“మొక్కలో?”

“మొక్కలకు ఎవరో ఒకరు వస్తారు.”

“ఎవరూ రారు. ఒక్కొక్క పిలకకు పేరు పెట్టి పిలిచే పిచ్చిది ఇంకొకత్తె దొరకదు వాళ్ళకు. నువ్వేం చెప్పక్కర్లేదు.”

“చెప్పి తీరతాను. అదిగో, చప్పుడు. వస్తున్నాడు. నా జుట్టు చూడండి, బురదేమన్నా ఉందా?”

“ఉంది. ఎడమవైపు. అది జీపు చప్పుడు కాదు.”

“మరి?”

“పద్దెనిమిది చక్రాల బండి.”

“రాయి ఎత్తడం ఈ వారం లేదన్నారుగా. ఎందుకొచ్చింది?”

“పొక్లెయిన్ ఎక్కించుకోవడానికి.”

“ఎక్కించుకోవడమేమిటి అన్నయ్యా, ఆయనింకా వచ్చి చూడందే?”

“చూశాడమ్మా. వానొస్తుందని ఒకరోజు ముందే, నిన్న నువ్వు కోర్టులో ఉండగా వచ్చి, గొట్టంలో గీత చూసుకుని సంతకం పెట్టి పోయాడు. ఇక నువ్వు ఎన్ని రాళ్ళు తీసినా లాభం లేదు, అందుకే పేర్చడం నేర్పాను.”